మన ఆరాధన పాట మన మాటలో
(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు, ఊరి దేవతను కొలిచేవాళ్లూ ఉన్నారు. అందరం సవర బిడ్డలమే. నేను మాట్లాడేది చర్చి కుర్రాళ్ల బ్యాండ్ల గురించి అయినా, చివరికి అది మన భాష సంగతి. అందుకే అందరూ వినమని కోరుతున్నాను.

మన ఊళ్లలో గిటారు, కీబోర్డు, డ్రమ్ సెట్ పట్టుకున్న పిల్లలు కనిపిస్తున్నారు. కళ్లు మూసుకుని, గొంతెత్తి ఆరాధన పాటలు పాడుతున్నారు. కొందరు పెద్దలు "ఇది భక్తా, గోలా?" అంటున్నారు. ఇంకొందరు "ఇది మన సంస్కృతి కాదు" అంటున్నారు. రెండు మాటలనూ కోపం లేకుండా ఆలోచిద్దాం.

మొదటి మాటకు ఒక బ్యాండు కథ చెబుతాను. ఇంగ్లండు దక్షిణ తీరంలో లిటిల్‌హాంప్టన్ అనే చిన్న పట్టణం ఉంది. 1992లో అక్కడి చర్చి కుర్రాళ్లు యువకుల కోసం ఆరాధన కూడికలు మొదలుపెట్టారు. పేరు 'కటింగ్ ఎడ్జ్'. తమ ఈడు వాళ్లు వినే రాక్ సంగీతంలోనే ప్రార్థన పాటలు కట్టి, క్యాసెట్లు చేసుకున్నారు. వేరే పనులు చేసుకుంటూనే పాడేవారు. 1995లో గాయకుడు మార్టిన్ స్మిత్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తరువాత, 1996లో, అందరూ పూర్తిగా ఈ పనికే దిగారు. ఆ బ్యాండే 'డెలిరియస్'. 1997లో వాళ్ల 'డీపర్' పాట బ్రిటన్ పాటల పట్టికలో 20వ స్థానానికి చేరింది. 2009లో బ్యాండును ముగించారు. వాళ్ల పాటలు నేటికీ ఎన్నో దేశాల చర్చిల్లో వినిపిస్తాయి.

వాయిద్యం పెద్దగా మోగినంత మాత్రాన భక్తి తగ్గదు. అయితే ఒక సంగతి గమనించండి. ఆ కుర్రాళ్లు తమ ఊరి పిల్లల కోసం, తమ ఇంటి భాషలో, తమ సొంత మాటలు రాసుకున్నారు. మనం వాళ్ల గిటారు శబ్దాన్ని నేర్చుకుంటున్నాం, ఈ పని మాత్రం నేర్చుకోవడం లేదు.

ఇక రెండో మాట. ఈశాన్యంలో మిజో సోదరుల సంగతి చూడండి. 1894లో మిషనరీలు అక్కడికి వెళ్లారు. పాత పండుగలతో, సారాతో ముడిపడిందని వాళ్ల డోలును తొలిరోజుల్లో చర్చిలోకి రానివ్వలేదు. పాశ్చాత్య రాగాలకు అనువాదపు పాటలు పాడేవారు. 1919 ప్రాంతంలో వచ్చిన ఉజ్జీవం తరువాత మిజోలు తమ గొంతులో, తమ సాగదీతలో సొంత పాటలు కట్టుకున్నారు. డోలు చర్చిలోకి వచ్చింది. ఇవాళ డోలు లేని మిజో ఆరాధనను ఊహించలేం. వాళ్లు విశ్వాసాన్నీ వదలలేదు, డోలునూ వదలలేదు.

మనకేం తక్కువ? గిడుగు రామమూర్తి పంతులు గారు మన భాష నేర్చుకుని, మన పిల్లలకు మన భాషలో చదువు చెప్పించడానికి పాటుపడ్డారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో అచ్చయింది. 1936లో మంగేయి గొమాంగో మన భాషకు సొరా సోంపెంగ్ లిపిని రూపొందించారు. సవరలో బైబిల్ కూడా ఉంది. అయినా మన పిల్లల బ్యాండ్లు ఎక్కువగా ఫోనులో దొరికిన తెలుగు, హిందీ, ఇంగ్లీషు పాటలనే తిరిగి పాడుతున్నాయి. అవి పాడవద్దని నేను అనను. కానీ ఏడుపొస్తే మనం ఏ భాషలో ఏడుస్తామో, ఆ భాషలో ఒక్క పాటైనా లేకపోతే ఎలా?

అందుకని మూడు పనులు చెబుతాను.

ఒకటి, ఈ ఏడాదిలో ప్రతి బ్యాండూ సవరలో ఒక కొత్త పాట కట్టాలి. అనువాదం వద్దు. మన కొండ, మన పోడు, మన వాన, మన ఆకలి అందులో ఉండాలి.

రెండు, కట్టిన పాటను ముందుగా ఇంట్లో అవ్వకు వినిపించండి. ఆమెకు అర్థం కాని మాట ఉంటే మార్చండి. ఆమె దగ్గర మీరు మరిచిపోయిన మంచి మాట తప్పక ఉంటుంది.

మూడు, డ్రమ్ సెట్ పక్కన మన డోలుకూ కొమ్ముకూ చోటివ్వండి. అయితే పూజల్లో, చావు కర్మల్లో పాడే పాటలను పెద్దల అనుమతి లేకుండా తీసుకోకండి. అవి మన అన్నదమ్ముల నమ్మకానికి చెందినవి. మన నమ్మకాన్ని ఇతరులు గౌరవించాలని కోరుకునే మనం వాళ్ల నమ్మకాన్నీ గౌరవించాలి.

సవర మాట్లాడడానికి సంతలోనే సిగ్గుపడే పిల్లలు ఉన్న రోజులివి. మైకు ముందు, వందమంది ఎదుట, గిటారు పట్టుకుని ఒక కుర్రాడు సవరలో ప్రార్థిస్తే ఆ సిగ్గు పోతుంది. చర్చికి వెళ్లని వాళ్ల పిల్లలకు కూడా అది మేలే చేస్తుంది. వచ్చే సభకు మీ పాటతో రండి, అందరం కలిసి విందాం.

జోహార్.