ఇనుప రాయి మిల్లు లెక్క



మన బ్లో రూములో అయస్కాంతం ఎందుకుందో మీకు తెలుసు. పత్తిలో మేకో, తీగ ముక్కో ఉంటే నిప్పురవ్వ లేస్తుంది. అందుకని పట్టి పారేస్తాం. కుద్రేముఖ్‌లో అయస్కాంతం పట్టిందే సరుకు, మిగిలింది చెత్త. ఆ కంపెనీ హెడ్డాఫీసు మన కోరమంగలలోనే ఉంది.

అక్కడి రాయిలో ఇనుము నూటికి 38 పాళ్లు. అది కొలిమికి చాలదు. రాయిని మిల్లులో పిండి చేసి, నీళ్లలో కలిపి, అయస్కాంతపు డ్రమ్ముల మీదుగా పంపితే 67 పాళ్ల పొడి వస్తుంది. ఏటా 75 లక్షల టన్నుల పొడి తీయాలని కట్టిన మిల్లు అది. టన్ను పొడికి దాదాపు మూడు టన్నుల రాయి నూరాలి. మిగతా రెండు టన్నులూ లక్యా డ్యాము పాలు. పత్తి నుంచి తీసిన గింజకైనా ధర ఉంది, ఆ బురదకు లేదు. ఎక్కువ ఖర్చు నూరడంలోనే: కరెంటు, యంత్రాల అరుగుదల. మిల్లు ఆపితే కరెంటు మిగులుతుంది గాని, అప్పు మీద వడ్డీ ఆగదు.

1976లో ఆ కంపెనీ పెట్టింది ఇరాన్ షా ప్రభుత్వపు అప్పును, కొనుగోలును నమ్ముకుని. 1979లో షా గద్దె పోయింది. మిల్లు సిద్ధమయ్యేసరికి కొనేవాడు లేడు! 1987లో మంగళూరులో పొడిని ఉండలు చేసే ప్లాంటు పెట్టి, వేరే దేశాలకు అమ్మి నిలబడ్డారు. 2005 ఆఖరున సుప్రీంకోర్టు ఆదేశంతో గని మూతపడింది. అడవి సంగతి అది, తప్పని నేననను.

నేను రింగు ఫ్రేము మీద పనిచేసినన్నాళ్లూ జీతం చీటీ చూసుకున్నానే గాని, మా నూలు ఎవరు కొంటున్నారని అడగలేదు. ఉన్న ఒక్క పెద్ద బేరగాడు మానుకున్న సంగతి గేటుకు నోటీసు అంటించాకే తెలిసింది. ఈసారి చర్చల్లో బోనసు కన్నా ముందు ఆర్డర్ల పుస్తకం అడుగుతాం.