బట్టీవిద్య: విడువవలసినది, నిలుపుకొనవలసినది

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో బట్టీ మాట యెత్తుట కొందరికి రుచింపకపోవచ్చును. గీతవృత్తిలోనున్న మన కులమును సారాబట్టీతో ముడిపెట్టి లోకము చిరకాలముగా నిందించినది. ఆ నిందకు జడిసి మిన్నకుండుటకంటె, ఆ విద్యలో విషమేదో, సారమేదో విప్పిచెప్పుట మేలని తలంచి ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

బట్టీ యనగా నెంత? పొయ్యిమీద నొక కుండ, దానికి మూత, మూతనుండి యొక గొట్టము, గొట్టము కొనను చన్నీటిలో నుంచిన మరియొక పాత్ర. క్రింద వేడిమి, నడుమ ఆవిరి, అవతల చల్లదనము. విద్యయంతయు నీ మూటిలోనే యున్నది. నీరు 100 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద మరుగును. మద్యసారము 78 డిగ్రీలకే మరుగును. కావున పులిసిన బెల్లపు ఊటను కాచినపుడు ముందుగా లేచు ఆవిరిలో మద్యసారము పాలు హెచ్చుగా నుండును.

ఇక విషము మాట. మిథైల్ ఆల్కహాలను వేరొక సారము గలదు. చూపునకును, వాసనకును అది మద్యసారమువలెనే తోచును. శరీరములో నది ఫార్మికామ్లముగా మారి కంటినరమును చెరచును, ప్రాణమును తీయును. బెల్లపు ఊటలో నిది మిక్కిలి స్వల్పము. కల్తీసారా త్రాగి ఊళ్లకూళ్లు ఏడ్చిన సందర్భములలో పెక్కింట దోషము, లాభాపేక్షతో కలిపిన కర్మాగారపు మిథైల్ ఆల్కహాలుదే. త్రాగువాడు దానిని కనిపెట్టజాలడు. ఇదికాక, సీసముతో నతికిన గొట్టములును, పాత మోటారు రేడియేటర్లును వాడిన బట్టీలో సీసము సారాలోనికి దిగును. ఊటలో నవాసారము వేయువారును గలరు. ఇట్టి సరకును ఇంటివాడు త్రాగినను, పరునకు అమ్మినను పాపమొక్కటియే.

మా తాతగారి కాలమున మా పెరటిలోను బట్టీ యుండెడిది. అందువలన వచ్చిన సొమ్ము ఇంట నిలువలేదు. మా చిన్నతాతగారు నలువదియేండ్లు నిండకమునుపే కాలేయము చెడి గతించిరి. పెద్దకర్మ ముగిసిన మరునాడు మా నాయనమ్మగారు రోకలి తెచ్చి ఆ కుండను స్వయముగా పగులగొట్టిరి. ఆ పెంకులు మా బాల్యమువరకు గోడవార పడియుండెను. వానిని తీసివేయ నామె యెవరిని అనుమతింపలేదు.

అట్టి నాయనమ్మలు ప్రతి యూరను గలరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రిబడిలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను. ఏది యెట్లున్నను, అనుమతిలేక సారా కాచుట నేటికిని నేరమే. పట్టుబడినవాని కుటుంబము పొలమమ్ముకొని కోర్టుల చుట్టు తిరుగుట మనమెరుగనిదా?

అయితే కుండను పగులగొట్టినను విద్యను పగులగొట్టనక్కరలేదు. ఉత్తరప్రదేశమునందలి కన్నౌజులో రాగి డేగు, వెదురు గొట్టము, నీటిలో నుంచిన భప్కా అను పాత్ర, వీనితోనే తరతరములుగా అత్తరులు తీయుచున్నారు. ఆ యంత్రము మన తాతల బట్టీకి సోదరియే. భేదమంతయు లోన వేయు వస్తువునందే గలదు.

నిమ్మగడ్డిని చూడుడు. పాత్రలో నీరు పోసి, నీటికి పైగా జల్లెడపై గడ్డిని పేర్చి కాచినచో, ఆవిరితో నూనె వచ్చి, చల్లబడి, నీటిపై తేలును. నూరు కిలోల పచ్చిగడ్డికి సుమారు 300 మొదలు 500 గ్రాముల నూనె వచ్చును. జాగ్రత్తలు కొన్ని గలవు. పాత్ర రాగిదిగాని తుప్పుపట్టని ఉక్కుదిగాని కావలెను. అతుకులలో సీస ముండరాదు. గొట్టము మూసుకొనిపోయినచో ఆవిరి పాత్రను పేల్చును. నీరింకిన పాత్ర గడ్డిని మాడ్చి నూనెను చెరచును. ఇందులో పులిసినదేదియు వేయరాదు. సంఘము చేయుపని యగుటచే ఎక్సైజు అధికారులకు ముందుగా తెలిపి, వారి కన్నుల యెదుటనే నడుపుట మన మర్యాదకు తగినది.

పోషకులకు మా విన్నపమిది. ఈ యేటి నిధిలో కొంత వెచ్చించి సంఘము పేర నొక యంత్రమును కొనుడు. గీత విడిచి పనిలేక తిరుగు మన యువకులను నలుగురిని దానియొద్ద నిలుపుడు. మొదటి యేట లాభము రాకపోవచ్చును. కాని మన పెరటిలో మరల పొయ్యి వెలిగినపుడు, ఏ నాయనమ్మయు రోకలి వెదకవలసిన యవసరము రాకుండిన చాలును.