చదువునకు చేయూత: ఉపకార వేతనముల నన్వేషించు విధము



రఘువంశము అయిదవ సర్గమున కౌత్సుని వృత్తాంతము కలదు. వరతంతు మహర్షి కడ పదునాలుగు విద్యలు నేర్చిన ఆ శిష్యుడు గురుదక్షిణకై పదునాలుగు కోట్ల ధనము కావలసి రఘుమహారాజు నాశ్రయించెను. అప్పటికి రఘువు విశ్వజిద్యాగము చేసి సర్వస్వమును దానమిచ్చి, అతిథికి అర్ఘ్యమొసగుటకు మట్టిపాత్ర తప్ప వేరొకటి లేని స్థితిలో నుండెను. అయినను అర్థిని వట్టిచేతులతో పంపుట కొప్పుకొనక కుబేరునిపై దండెత్త నిశ్చయింపగా, తెల్లవారునప్పటికి కోశాగారమున బంగారు వాన కురిసియుండెను. వానకంటె గమనింపదగిన ఘట్టము తరువాతిది. ధనమునంతయు గొనిపొమ్మని రాజు పట్టుపట్టెను. కావలసినదానికి మించి ఒక్క కాసైనను ముట్టనని శిష్యుడు పట్టుపట్టెను. సాకేతపుర జనులు ఇరువురను మెచ్చుకొనిరి. విద్య నిమిత్తము అడుగుటలో దైన్యము లేదనియు, అక్కఱకు మించి అడుగకుండుటలో అర్థికి గౌరవమున్నదనియు ఈ కథ తెలుపుచున్నది.

పల్లెలలో ఈ సంగతి ఇంకను మనస్సుల కెక్కలేదు. బిడ్డకు కళాశాలలో సీటు వచ్చినచో తండ్రి మొదట తలచునది పొలము తాకట్టు. పిమ్మట నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు. ఉపకార వేతనమునకు దరఖాస్తు పెట్టుట యాచనయని సంకోచించువారు కలరు. లెక్క చూడుడు. నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున లక్ష రూపాయలు తెచ్చినచో ఏటికి వడ్డీ 24,000 రూపాయలు. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు ముగియునప్పటికి వడ్డీయే 96,000 రూపాయలగును. అసలు అట్లే నిలిచియుండును. అదే నాలుగేండ్లలో, అర్హురాలైన బాలిక అఖిల భారత సాంకేతిక విద్యా మండలివారి ప్రగతి ఉపకార వేతనమును పొందెనా, ఏటికి 50,000 చొప్పున 2,00,000 రూపాయలు చేతికి వచ్చును. తిరిగి చెల్లింప నక్కఱలేదు. రెండవ మార్గము తెలియకపోవుటచేత మొదటిది నెత్తి కెక్కుచున్నది. అన్న చదువునకై పొలమమ్ముకొన్న యింట చెల్లెలి చదువు పదవ తరగతితో ఆగిపోవును. ఆ నష్టము ఏ పద్దులోను కానరాదు.

పరుల సాయముతో చదువుకొనుట ఈ దేశమునకు క్రొత్త గాదు. పూర్వము బీదపిల్లలు వారమున కేడిండ్లలో వారాలు చెప్పుకొని భోజనము చేసి చదువుకొనిరి. ఆ యిల్లాండ్రు పెట్టిన అన్నమే నాటి ఉపకార వేతనము. కాని ఆ అన్నము అందఱకు అందలేదు. కులము అడ్డుగోడయై నిలిచెను. ఆ గోడ కీవల పుట్టిన భీమరావు అంబేడ్కరునకు 1913లో బరోడా ప్రభువు శాయాజీరావు గైక్వాడు నెలకు 11.50 పౌనుల చొప్పున మూడేండ్లకు విద్యార్థి వేతన మొసగి కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. ఆ మేలు దేశమునకు రాజ్యాంగరూపమున తిరిగి వచ్చెను.

తెలుగునాట మఱియొక నిదర్శనము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసులో వైద్యము చదివి, పైచదువునకు అమెరికా పోదలచెను. చేతిలో ధనము లేదు. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి పేర కాకినాడలో నెలకొన్న ధర్మసంస్థ సాయపడుదునని మాట యిచ్చెను. మామగారును ధనము సమకూర్చిరి. 1922 అక్టోబరులో ఆయన బోస్టను చేరెను. అచ్చట ఆస్పత్రిలో రాత్రివేళ కొలువు చేయుచు చదువు సాగించెను. అనంతరకాలమున ఆయన నడపిన పరిశోధనలనుండి ఫోలికామ్లపు తయారీయు, బోదకాలు వ్యాధికి డైయిథైల్ కార్బమజీను అను ఔషధమును వెలువడినవి. బోదకాలు నివారణకై తెలుగు పల్లెలలో ఇంటింట పంచిన మాత్ర ఆ ఔషధమే. కాకినాడనుండి కడలి దాటిన సాయము మాత్రయై మరల పల్లె గడపకు వచ్చినది.

ఇక నేటి మార్గములు. ఇవి రెండు తెఱగులు: ప్రభుత్వమువారివి, ధర్మసంస్థలవి. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వపు పోస్టుమెట్రిక్ వేతనములు 1944నుండి కలవు. ఎనిమిదవ తరగతిలో పరీక్ష వ్రాసి నెగ్గిన ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకు జాతీయ ఉపకార వేతనము తొమ్మిదినుండి పండ్రెండవ తరగతి వఱకు ఏటికి 12,000 చొప్పున మొత్తము 48,000 రూపాయలు లభించును. కళాశాలకు వలయు పునాది అచ్చటనే పడవలెను. పండ్రెండవ తరగతిలో తమ బోర్డున ఎనుబదవ పర్సెంటైలునకు పైన నిలిచి, కుటుంబాదాయము నాలుగున్నర లక్షలకు లోబడినవారికి కేంద్ర ప్రభుత్వము డిగ్రీలో మూడేండ్లు ఏటికి 12,000 రూపాయల నిచ్చుచున్నది. 2015లో నెలకొల్పిన జాతీయ ఉపకార వేతనముల పోర్టలు ద్వారా ఇట్టి పెక్కు పథకములకు దరఖాస్తు పంపవచ్చును.

ధర్మసంస్థలలో 1892లో ఏర్పడిన జంషెట్జీ టాటా నిధి ప్రాచీనమైనది. విదేశములలో పైచదువులకు అది ఒసగునది ఋణరూప వేతనము. రిలయన్సు ఫౌండేషను డిగ్రీ విద్యార్థులకు చదువు మొత్తముమీద 2 లక్షల వఱకు ఇచ్చుచున్నది. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన బాలికలకు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను ఏటికి 30,000 రూపాయలు ఒసగుచున్నది. షరతులు మాఱుచుండును గనుక ఆ యేటి ప్రకటననే ప్రమాణముగా గొనవలెను. పెద్ద పేర్లతో తృప్తి చెందక, జిల్లా కేంద్రములోని దాతల నిధులను, తండ్రి పనిచేయు సంస్థను, కళాశాల పూర్వవిద్యార్థుల సంఘమును విచారింపవలెను. చిన్న నిధులకు పోటీ తక్కువ.

అర్హత యుండియు వేతనము రాకపోవుటకు కారణములు సామాన్యమైనవి. పదవ తరగతి మెమోలో ఒక విధముగను, ఆధారులో ఒక విధముగను, బ్యాంకు పుస్తకములో వేఱొక విధముగను పేరుండును. ఇంటిపేరు ఒకచోట పూర్తిగను, ఒకచోట పొడి అక్షరముగను ఉండును. ఆదాయ ధ్రువపత్రము కొఱకు గడువు చివరి వారమున పరుగెత్తుదురు. బ్యాంకు ఖాతాకు ఆధారు అనుసంధానము కాకపోవుటచేత మంజూరైన సొమ్మే చేరదు. దరఖాస్తు పంపినతోనే పని ముగిసినదని తలచుట మఱియొక పొరపాటు. కళాశాలవారు దానిని సరిచూచి ముందునకు పంపినగాని అది కదలదు. కావున పరీక్షలు ముగిసిన వేసవిలోనే పత్రములన్నియు సిద్ధపఱచుకొని, పేర్లలోని భేదములను సరిచేయించి, నకళ్ళు ఒక సంచిలో భద్రపఱచుకొనవలెను. దరఖాస్తు సంఖ్యను పుస్తకములో వ్రాసికొని, పదునైదు దినముల కొకమారు దాని స్థితిని విచారింపవలెను.

షరతులు చదువక సంతకము చేయరాదు. ఇచ్చునది దానమా, ఋణమా? బరోడా వేతనమునకు ప్రతిగా పదేండ్లు కొలువు చేయుదునని అంబేడ్కరు ఒడంబడవలసివచ్చెను. గడువు తీఱినంతనే 1917లో చదువు నడుమ తిరిగి రావలసివచ్చెను. మఱుసటి యేడు వేతనము కొనసాగుటకు ఎన్ని మార్కులు, ఎంత హాజరు కావలెను? ముందు చెప్పిన డిగ్రీ వేతనమునకు నూటికి 50 మార్కులు, 75 హాజరు ఉండవలెను. రాష్ట్ర ప్రభుత్వపు ఫీజు రీయింబర్సుమెంటు పొందువారికి అది వర్తింపదు. రెండింటిలో ఏది మేలో లెక్క వేసి ఒకదాని నెన్నుకొనవలెను. వేతనము నిప్పింతుమని ముందుగా రుసుము అడుగువానిని, ఫోనులో ఓ.టి.పి. చెప్పుమనువానిని గడప తొక్కనీయరాదు. ఇచ్చువాడు పుచ్చుకొనడు.

కొన్ని నిధులవారు విద్యార్థి తన పరిస్థితిని వ్రాసి పంపుమందురు. అచ్చట కష్టముల వర్ణన అక్కఱలేదు. తండ్రి సేద్యమెంత, ఆదాయమెంత, ఇంట చదువువారెందఱు, కళాశాల రుసుమెంత, వసతి గృహమున కెంత, ఇంటినుండి రాగలిగిన దెంత, తక్కువ పడున దెంత — ఈ యంకెలు వరుసగా నున్నచో చాలును. తక్కువ పడినంతనే అడుగవలెను. కౌత్సుడు చూపిన మార్యాద యదియే.

ఈ గ్రంథాలయమున కిరువదియైదేండ్లు నిండినవి. ఇచ్చటి వార్తాపత్రికలలో ఉపకార వేతనముల ప్రకటనలు వచ్చి, చదువువారు లేక పాతకాగితములలో కలియుచున్నవి. ఒక్క పుస్తకము తెఱచి, పథకము పేరు, అర్హత, ఆఖరు తేదీ, కావలసిన పత్రములు నెలవారీగా వ్రాసి బల్లమీద నుంచినచో ఖర్చు కొద్దిపాటిది. వారమునకొక సాయంకాలము చదువుకొన్న యువకుడొకడు కూర్చుండి దరఖాస్తులు నింపి యిచ్చినచో, ఇంటర్నెట్టు కేంద్రమునకు పోయి తప్పులతడకగా నింపించుకొను బాధ తప్పును. ఎనిమిదవ తరగతి పిల్లలకు పాత ప్రశ్నపత్రములను సమకూర్చుట మఱియొక పని. సాయము పొంది స్థిరపడినవారు తమ పిమ్మట వచ్చువాని కొక్కనికైనను పరీక్ష రుసుము కట్టుట వారి ధర్మము. ముఖ్యముగా, బాలికలకు రావలసిన వేతనము తెలియక ఏ యాడుపిల్లయు చదువు మానకుండ చూచుట గ్రామమున అందఱి పూచీ.

వచ్చు ఉత్సవమునాటికి ఈ గ్రంథాలయము ఎన్ని పుస్తకములు చేర్చెనని అడుగువారు, ఎందఱిని కళాశాల గడప దాటించెనని కూడ అడుగుదురు గాక. స్వస్తి.