వైద్యబోధకుల ఇంట ఆదాయవ్యయములు
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇప్పుడే ఈ వేదికమీద శాస్త్రులవారు పంచాంగశ్రవణము చేసినారు. ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో, రాజపూజ్యమెంతో, అవమానమెంతో మనమందరము శ్రద్ధగా విన్నాము. మేము చెప్పదలచినదియు అటువంటి లెక్కయే. అయితే ఇది ధనమునకు కాదు, కాలమునకు సంబంధించిన లెక్క.

మేమనగా భార్యాభర్తల మిద్దరము. ఇద్దరమును వైద్యకళాశాలలో పాఠములు చెప్పి జీవించినవారము. ఈ ప్రసంగమును కలిసి వ్రాసికొన్నాము. చదువుచున్న గొంతు ఒకటియైనను మాట ఇద్దరిది.

మాది బాగేపల్లి తాలూకా మిట్టేమరి. సంఘములో మమ్ములను ప్రవాసాంధ్రులందురు. నిజమునకు మేము ఆంధ్రదేశము విడిచి వచ్చినవారము కాము. మా వైపున ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును. బెంగుళూరికి వచ్చుటయే మాకు ప్రవాసము.

మా వైపు చేలను చూచినవారికి మా మాట సులభముగా బోధపడును. శనక్కాయ చేనిలో కలుపు తీయునది, కాయలు ఒలుచునది ఎక్కువగా ఆడువారే. పట్టుపురుగులు పెంచు ఇండ్లలో, గూడు కట్టుటకు ముందు దినములలో పురుగు రాత్రింబగళ్లు ఆకు మేయును. నడిరేయి లేచి ఆకు వేయునది ఇల్లాలు. గూళ్లు శిడ్లఘట్ట మార్కెట్టునకు చేర్చి రూకలు తెచ్చువాడు మగడు. పహణీలో పేరు అతనిది. రైతు అన్నచో మనకు తలపాగా చుట్టిన మగవాడే కనబడును. ఆమెను అడిగినచో “నేనేం చేసినాను, ఇంట్లోనే ఉండినాను కదా” అనును.

పెద్దచదువు చదివినచో ఈ లెక్క మారునని మేము నమ్మినాము. చదువుకొన్నంత మాత్రమున మారదని చెప్పుటకే ఈనాడు మీ ముందు నిలిచినాము.

వైద్యవిద్య ద్వారము స్త్రీలకు సులభముగా తెరచుకొనలేదు. మద్రాసు వైద్యకళాశాల 1875లో మేరీ షార్లీబు మొదలైన నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. వేలూరులో ఐడా స్కడ్డరు 1918లో స్త్రీల కొరకే వైద్యపాఠశాల స్థాపించినది. అచట పురుషులకు ప్రవేశము కలిగినది 1947లో. ఆమె వివాహము చేసికొనలేదు. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు 1914లో వివాహమాడునప్పుడు తనను సమానురాలిగా చూడవలెనని వరునికి ముందే షరతు పెట్టినారు. అనగా ఇంటి లెక్క తేలనిదే బయటి పని సాగదని ఆనాడే ఆమెకు తెలిసియున్నది.

నేడు ద్వారము తెరచియే యున్నది. వైద్యకళాశాల తరగతులలో సగమువరకు, కొన్ని చోట్ల అంతకు మించి, ఆడపిల్లలే. కాని మెట్లెక్కిన కొలది వారి సంఖ్య తగ్గును. మన బిడ్డలు అనేకులు స్థిరపడిన అమెరికాలో 2019లో వైద్యవిద్యార్థులలో స్త్రీలు సగమును దాటినారు. ఆ కాలపు లెక్కలలోనే పూర్తికాలపు బోధకులలో స్త్రీలు నూటికి 41, పూర్తి ప్రొఫెసర్లలో 25, కళాశాలల డీనులలో 18 మంది మాత్రమే.

“ఆడవారికి పరిశోధనయందు ఆసక్తి తక్కువ” అని కొందరందురు. ఈ మాటకు జవాబు చాలకాలము క్రిందటనే వచ్చినది. అమెరికాలోని 24 వైద్యకళాశాలల బోధకులను 1995లో ప్రశ్నించి, ఫలితములను 1998లో ప్రకటించినారు. పిల్లలు గల పురుషులు సగటున 29 పరిశోధనవ్యాసములు ప్రకటింపగా, పిల్లలు గల స్త్రీలు 18 ప్రకటించినారు. పిల్లలు లేని స్త్రీపురుషుల నడుమ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఆసక్తియే తక్కువైనచో పిల్లలు లేని స్త్రీలకును తక్కువ కావలెను కదా! మరియొక విషయము. పిల్లలు గల ఆ స్త్రీలకు కళాశాలనుండి పరిశోధనకు ధనసహాయము, గుమాస్తా సహాయము కూడ పురుషులకంటె తక్కువగానే లభించినవి.

2014లో ప్రకటితమైన మరియొక పరిశీలన యువవైద్యపరిశోధకులను గూర్చినది. పిల్లలు గల దంపతులలో, ఉద్యోగపు గంటలు మొదలైన తేడాలను సరిచేసి చూచినను, స్త్రీ వారమునకు ఎనిమిదిన్నర గంటలు అధికముగా ఇంటికి, పిల్లలకు వెచ్చించుచున్నది. దంపతులిద్దరును పూర్తికాలము ఉద్యోగము చేయు ఇండ్లలో, బిడ్డను చూచు ఏర్పాటు తప్పినప్పుడు పని మానుకొన్నవారు స్త్రీలలో నూటికి 43 మంది, పురుషులలో 12 మంది.

అది అమెరికా సంగతి. మన దేశములో ప్రభుత్వము 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేయు స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, చేయు పురుషుడు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలినది. అసలు ఆ పని ముట్టుకొన్న పురుషులే నూటికి 26 మంది.

ఇక మా కథ. మేమిద్దరము ఒకే సంవత్సరము పట్టా పొంది, ఒకే కళాశాలలో కొలువున చేరినాము. రాత్రి డ్యూటీలు సమానము, జీతము సమానము. బిడ్డ పుట్టిన తరువాత లెక్క తప్పినది. మాలో ఆమె ప్రసూతివార్డులో రెండేండ్లు శ్రమించి, రక్తహీనతగల తల్లుల వివరములు సేకరించినది. ఆ కాగితములు బీరువాలోనే ఉండిపోయినవి. వ్రాయుటకు సాయంకాలము కావలెను. సాయంకాలము ఆమెకు లేదు. మాలో ఆయన ఆ సాయంకాలములందే, అదే ఇంటిలో, బల్లముందు కూర్చుండి వ్యాసములు వ్రాసినాడు. వేళకు కాఫీ వచ్చినది. అది ఎట్లు వచ్చినదో ఆయన ఆలోచింపలేదు.

కొన్నియేండ్లకు ఇద్దరమును పైపదవికి ఇంటర్వ్యూకు పోయినాము. ఆమెను “పిల్లలెందరు? రాత్రిపూట పిలిచిన రాగలరా?” అని అడిగినారు. ఆయనను వ్యాసములగూర్చి అడిగినారు. పిల్లలు ఇద్దరికిని వారే కదా! ఆయనకు పదవి వచ్చినది. ఆమెకు ఏడేండ్ల తరువాత వచ్చినది. ఆ కమిటీమీద మాకు ఇప్పుడు కోపము లేదు. వారడిగిన ప్రశ్న మా ఇంటిలోనే పుట్టినది.

ఆ రాత్రి ఆమె ఒక నోటుపుస్తకము తీసి నడుమ గీత గీచినది. ఒక వారము ఎవరి పని వారు వ్రాయవలెనని నిర్ణయించుకొన్నాము. వారము ముగియునప్పటికి ఆమె వైపు నిండి వెనుకపుటకు పోయినది. ఆయన వైపు సగము కూడ నిండలేదు. అందులోను మూడు చోట్ల “సాయము చేసినాను” అని ఆయన వ్రాసియుండెను. ఆమె ఆ మాటను కొట్టివేసి “పొరుగింట చేసినచో సాయము. మన ఇంట చేసినచో పని” అన్నది. మాలో ఆయన నేర్చిన పాఠములలో ఇంతకంటె గట్టిది లేదు.

పుస్తకములో కెక్కని పని మరియొకటి కలదు. అది జ్ఞాపకముంచుకొనుట. బిడ్డకు టీకా ఏనాడు, అత్తగారి మాత్రలు ఎన్ని మిగిలినవి, బియ్యము ఎన్నాళ్లకు వచ్చును? పాఠము చెప్పుచున్నను ఈ లెక్కలు ఆమె తలలో నడుచుచునే యుండెను.

మరియొక సత్యము దాచరాదు. మాలో ఆమె ఆ కొలువున నిలిచినది మిట్టేమరినుండి వచ్చిన అత్తగారి వలన. రాత్రి పిలుపు వచ్చి ఈమె గుమ్మములో సందేహించినప్పుడు, ఆ తల్లి బిడ్డను భుజాన వేసికొని “పోమ్మా, పిల్లోడు నీకొక్కదానికే పుట్టినాడా?” అన్నది. ఒక స్త్రీ ముందుకు పోవుటకు మరియొక స్త్రీ తన విశ్రాంతిని ఇచ్చినది. ఇచ్చినవారి పేరు ఏ వ్యాసములోను లేదు. ఇది ధర్మమని చెప్పి ఊరకుండుట సులభము. ఆ భారమును కొడుకు పంచుకొనవలసినదని మాలో ఆయన ఈ సభలో ఒప్పుకొనుచున్నాడు.

చేయవలసినదేమి? 2017 చట్టసవరణ ప్రసవసెలవును 26 వారములకు పెంచినది. ఏబదిమంది ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణగృహము ఉండవలెను. కళాశాలలవారు దానిని కాగితముమీద గాక, ఆసుపత్రి పక్కనే, రాత్రియు తెరచియుండునట్లు నడపవలెను. శాఖాసమావేశములు సాయంకాలము గాక పగలే జరుపవలెను. బిడ్డలను పెంచు ఏండ్లలో పరిశోధనకు సహాయకులను ఇయ్యవలెను. కేంద్రప్రభుత్వోద్యోగికి భార్య ప్రసవమునకు 15 దినముల సెలవు కలదు. అటువంటి సెలవు కోరిన మగవానిని చూచి తోటివారు నవ్వుట మానవలెను. అతడును తండ్రియే. బిడ్డ తొలిమాటలు వినక పోగొట్టుకొన్నది అతడును ఎరుగును.

ఈ సభలో వైద్యము చదువు కూతుళ్లు గలవారు అనేకులున్నారు. “ఇంత చదివించి లాభమేమి, పెండ్లియైన ఇంటికే గదా” అని కొందరు మమ్ములను అడిగినారు. సంబంధము చూచునప్పుడు జీతమెంత, ఇల్లెక్కడ అని అడుగుచున్నారు. ఇకమీదట “అబ్బాయికి అన్నము వండుట వచ్చునా? బిడ్డకు జ్వరము వచ్చిన సెలవు పెట్టునా?” అనియు అడుగుడు. కొడుకులు గలవారు ఆ ప్రశ్నకు జవాబును చిన్ననాటినుండియే సిద్ధము చేయుడు.

మా నోటుపుస్తకము ఇప్పటికిని ఇంట ఉన్నది. తరువాతి పుటలలో రెండు వైపులును సరిసమానమైనవని చెప్పజాలము. గీతకు ఇరువైపుల వ్రాత మాత్రము దగ్గరయైనది. బీరువాలోని కాగితములు ఆలస్యముగానైనను వ్యాసమైనవి. ఈ ఉగాదినాడు ప్రతి ఇంటను అటువంటి పుస్తకమొకటి తెరువవలెనని, అందు భార్యాభర్తల ఆదాయవ్యయములు సరిపడవలెనని కోరుచున్నాము.