మాట ఎప్పుడివ్వాలి? - అమెరికా సైన్యం ఆయుధాలు కొనే తీరు

కడుపునిండా భోజనం చేసి, పక్క హాల్లో పాటల కార్యక్రమం మొదలైనా అటు వెళ్ళకుండా, ఆయుధాల కొనుగోలు గురించి వినడానికి ఇంతమంది కూర్చున్నారంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. మీ సాహసానికి ముందుగా కృతజ్ఞతలు.

నేను చదివింది ఇంజనీరింగ్. ఇరవై ఏళ్ళకు పైగా చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సైన్యంలో గానీ, సైన్యానికి సరుకు అమ్మే కంపెనీల్లో గానీ ఎన్నడూ పనిచెయ్యలేదు. కాబట్టి రహస్యాలేవో బయటపెడతాననే భయం మీకక్కరలేదు. కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జి.ఏ.ఓ. అనే సంస్థ ఏటేటా ఆయుధ పథకాల మీద నివేదికలు వేస్తుంది. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. కొందరు డిటెక్టివ్ నవలలు చదివినట్టు నేను అవి చదువుతాను. మా ఆవిడకు ఇది వింతగానే ఉంటుంది. కానీ అందులో మన పన్ను డబ్బుంది, మన వృత్తి ఉంది, కొన్ని పేజీల్లో కుర్రాళ్ళ ప్రాణాలు కూడా ఉన్నాయి.

ముందు యంత్రాంగం ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెబుతాను. ఒక యుద్ధ విమానమో ట్యాంకో కావాలంటే మూడు బళ్ళు పక్కపక్కనే నడవాలి. ఏం కావాలో చెప్పేది ఒకటి, డబ్బు కేటాయించేది రెండోది, తయారు చేయించి కొనేది మూడోది. డబ్బు బండిని 1960ల మొదట్లో రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా పట్టాల మీద పెట్టారు. ఇవాళ అడిగిన డబ్బు చేతికి రావడానికి రెండేళ్ళ దాకా పడుతుంది. కొనుగోలు బండికి పెద్ద పథకాల్లో మూడు గేట్లు: మైల్‌స్టోన్ ఎ, బి, సి. ఎ దాటితే కొత్త టెక్నాలజీని పరీక్షించి చూసుకోవచ్చు. బి దాటితే అసలు డిజైన్ మొదలు, ఖర్చెంతో ఎన్నాళ్ళు పడుతుందో కాంగ్రెస్‌కు మాట ఇచ్చేదీ అక్కడే. సి దాటితే ఉత్పత్తి. పథకం పదిహేను ఇరవై ఏళ్ళు సాగుతుంది గానీ, దాన్ని నడిపే ఆఫీసరు కొద్ది ఏళ్ళకే బదిలీ అయిపోతాడు. మాట ఇచ్చినవాడొకడు, నిలబెట్టుకోవలసినవాడు మరొకడు.

నేను చెప్పదలుచుకున్నదంతా ఆ రెండో గేటు గురించే. తెలియవలసింది తెలిశాక ఆ గేటు దాటుతున్నామా, తెలియకుండానే దాటుతున్నామా? మనవాళ్ళు ఎప్పుడో అన్నారు, ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని.

సోమలింగాల్లో అతి పెద్దవాడి పేరు ఫ్యూచర్ కంబాట్ సిస్టమ్స్. 1999లో అప్పటి సైన్యాధిపతి ఎరిక్ షిన్‌సెకీ ఒక లక్ష్యం పెట్టారు: ఒక బ్రిగేడ్‌ను ప్రపంచంలో ఎక్కడికైనా 96 గంటల్లో దించగలగాలి. మంచి లక్ష్యమే. అయితే ఏబ్రమ్స్ ట్యాంకు బరువు 70 టన్నులు. సి-130 లాంటి విమానంలో ఎక్కాలంటే వాహనం 20 టన్నుల లోపు ఉండాలి. మరి కవచం తగ్గిస్తే శత్రువు గుండుకు ఏం సమాధానం? నెట్‌వర్క్ అన్నారు. వాహనాలూ, చిన్న విమానాలూ, రోబోలూ, సైనికులూ అందరూ ఒకే నెట్‌వర్క్ మీద ఉంటారట. శత్రువు మనల్ని చూడకముందే మనం అతన్ని చూసి కొట్టేస్తామట. అంటే ఉక్కు చెయ్యవలసిన పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారన్నమాట. ఈ హాల్లో కూర్చున్న మనలో ఎంతమందికి అంత ధైర్యం ఉందో చేతులెత్తండి!

2003 మేలో ఈ పథకం మైల్‌స్టోన్ బి దాటింది. అప్పటికి అందులోని కీలకమైన టెక్నాలజీల్లో అత్యధిక భాగం ఇంకా ప్రయోగశాల దశలోనే ఉన్నాయి. ఏం కావాలో కూడా పూర్తిగా తేలలేదు. అయినా ఖర్చు 92 బిలియన్ డాలర్లు అని రాసేశారు. మూడేళ్ళు తిరిగేసరికి ఆ అంకె 160 బిలియన్లు దాటింది. సాఫ్ట్‌వేర్ సంగతి వినండి. మొదటి అంచనా సుమారు మూడుంపావు కోట్ల లైన్లు. 2008 నాటికి జి.ఏ.ఓ. రాసిన అంకె తొమ్మిదిన్నర కోట్లు. ఇంచుమించు మూడింతలు. 19 టన్నులుండాల్సిన వాహనం 27 టన్నులు దాటింది. సి-130లో ఎక్కించాలన్న మొదటి షరతు దానంతటదే గాలికి ఎగిరిపోయింది, విమానం అక్కర్లేకుండానే!

(ఇక్కడొక చిన్న మాట. ఆ సి-130 కొత్త రూపమైన సి-130జె విమానాల తోక భాగం ఇవాళ హైదరాబాదు పక్కన ఆదిభట్లలో తయారవుతోంది. మనకు దూరంగా కనబడే కథలు ఒక్కొక్కసారి మన ఊరి బస్సెక్కి వచ్చేస్తాయి.)

ఈ లోపల ఇరాక్‌లో అసలు యుద్ధం నడుస్తోంది. అక్కడ శత్రువు దూరం నుంచి కనబడేవాడు కాదు. రోడ్డు పక్కన మట్టిలో బాంబు పాతిపెట్టి వెళ్ళిపోయేవాడు. అడుగు చదునుగా ఉన్న హమ్వీ జీపుల్లో కూర్చున్న పిల్లలు కాళ్ళు పోగొట్టుకున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. విరుగుడు కొత్తదేమీ కాదు. వాహనం అడుగుభాగం 'వి' ఆకారంలో ఉంటే పేలుడు ధాటి పక్కలకు చీలిపోతుంది. రొడీషియా, దక్షిణాఫ్రికాల్లో 1970ల నుంచే తెలిసిన విద్య. ఎమ్రాప్ అనే ఈ వాహనాలు 1,169 కావాలని ఇరాక్‌లోని మెరీన్లు 2005 ఫిబ్రవరిలోనే అత్యవసర కోరిక పంపారు. ఆ కాగితం పైదాకా చేరి గట్టిగా కదలడానికి రెండేళ్ళు పట్టింది.

2007 మేలో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఇదే మా ప్రథమ ప్రాధాన్యం అని ప్రకటించారు. ఆ తర్వాత చూడాలి వేగం! ఒకే కంపెనీ కోసం ఎదురుచూడకుండా పలు కంపెనీలకు ఒకేసారి ఆర్డర్లిచ్చారు. ఓడల మీద ఆలస్యమవుతుందని మొదటి వాహనాలను విమానాల్లో పంపారు. మొత్తం మీద 20 వేలకు పైగా కొన్నారు, 40 బిలియన్ డాలర్లు దాటింది. అది ఉత్తమమైన కొనుగోలా అంటే కాదు. రకరకాల మోడళ్ళు, ఒకదాని విడిభాగాలు మరొకదానికి పట్టవు, మెకానిక్కులకు తలనొప్పి. అఫ్ఘనిస్తాన్ కొండదారుల్లో అంత బరువు నడవదని 2009లో తేలికపాటి రకం మళ్ళీ విడిగా చేయించవలసి వచ్చింది. అయినా కావలసిందేమిటో స్పష్టంగా తెలుసు, టెక్నాలజీ చేతిలో ఉంది. అందుకే కొన్ని నెలల్లో జరిగింది.

2009 ఏప్రిల్‌లో గేట్స్ ఫ్యూచర్ కంబాట్ సిస్టమ్స్ వాహనాలను రద్దు చేశారు. అప్పటికి 18 బిలియన్ డాలర్ల దాకా ఖర్చయిపోయింది. ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. అప్పటికే 25 బిలియన్లు పెట్టి కొన్న ఎమ్రాప్‌లకు ఆ భవిష్యత్ సైన్యంలో చోటే లేదట! ఒకే సైన్యంలో ఒక చెయ్యి చేసింది రెండో చేతికి పట్టలేదు.

మరి ఇంత తెలివైనవాళ్ళు తెలియకుండానే మాట ఎందుకిస్తారు? తెలివితక్కువతనం కాదండీ. నిజం చెబితే బేరం పోతుంది. సైన్యంలో ఒక విభాగం తన పథకానికి డబ్బు రావాలంటే పక్క విభాగంతో పోటీపడాలి. కంపెనీ కాంట్రాక్టు గెలవాలంటే పక్క కంపెనీతో పోటీపడాలి. ఇద్దరికీ తక్కువ అంకె కావాలి. పథకం ఒక్కసారి మొదలై, పని అనేక రాష్ట్రాలకు పంచాక, ఏ సెనేటరు తన ఊరి ఉద్యోగాలు పోతాయంటే ఊరుకుంటాడు? మన ఉద్యోగాల్లో మాత్రం ఇది లేదా? ఒకసారి మా టీము ఒక పనికి పద్దెనిమిది నెలలు పడుతుందని లెక్కగట్టి చెప్పింది. తొమ్మిదని రాయండి, తర్వాత చూసుకుందాం అని పై నుంచి జవాబొచ్చింది. ప్రాజెక్టు మాకే వచ్చింది. ఎన్ని నెలలు పట్టిందో ఈ సభకు చెప్పక్కర్లేదనుకుంటాను.

దీనికి చట్టం ఒక పగ్గం వేసింది. 1980ల మొదట్లో సెనేటర్ శామ్ నన్, కాంగ్రెస్ సభ్యుడు డేవ్ మెకర్డీ కలిసి తెచ్చిన నన్-మెకర్డీ చట్టం. ఒక్కో యూనిట్ ఖర్చు ప్రస్తుత అంచనాను 25 శాతం మించినా, మొదటి అంచనాను 50 శాతం మించినా, రక్షణ మంత్రి ఈ పథకం దేశానికి తప్పనిసరి అని కాంగ్రెస్‌కు రాసివ్వాలి. లేకపోతే రద్దే. వినడానికి కఠినంగా ఉంటుంది గానీ చాలాసార్లు ఆ ఉత్తరం వచ్చేస్తుంది. ఎఫ్-35 విమానం 2010లో ఈ గీత దాటింది. 2001లో 2,866 విమానాలు 233 బిలియన్లకు వస్తాయన్నారు. 2012 నాటికి సంఖ్య 2,457కు తగ్గింది, ఖర్చు 396 బిలియన్లకు పెరిగింది. పరీక్షలు పూర్తికాకముందే ఉత్పత్తి మొదలుపెట్టడం వల్ల, కట్టిన విమానాలను మళ్ళీ విప్పి సరిచెయ్యవలసి వచ్చింది. పూర్తిస్థాయి ఉత్పత్తికి అనుమతి దొరికింది 2024 మార్చిలో. అలాగని అది పనికిరాని విమానం కాదు. కొనడానికి పలు దేశాలు వరుస కట్టాయి.

అమెరికావాళ్ళకే ఈ జబ్బు అనుకోకండి. 1983లో హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్. నుంచి అబ్దుల్ కలాం గారి నాయకత్వంలో క్షిపణి కార్యక్రమం మొదలైంది. మంజూరైంది 388 కోట్ల రూపాయలు, తలపెట్టింది ఐదు రకాలు. అందులో ఆకాశ్ తొలి పరీక్ష 1990లో. వైమానిక దళంలోనూ సైన్యంలోనూ అధికారికంగా చేరింది 2015లో. త్రిశూల్ చేరనే లేదు. కాకపోతే ఒక తేడా చూడాలి. విదేశాలు విడిభాగాలు అమ్మకుండా అడ్డుకుంటుంటే చాలావాటిని మొదటినుంచీ తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఆ ముప్ఫై ఏళ్ళలో హైదరాబాదు చుట్టూ ఒక పరిశ్రమే పుట్టింది. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు వచ్చినప్పుడు ఆకాశ్ రంగంలో ఉంది. నేను దాన్ని ఫ్యూచర్ కంబాట్ సిస్టమ్స్‌తో ఒకే గాటన కట్టను. ఇక కావలసినవి రాసే తీరంటారా, 2015లో రక్షణ మంత్రి మనోహర్ పారికర్ గారే మన సైన్యం అడిగే లక్షణాలు ఒక్కొక్కసారి మార్వెల్ కామిక్ పుస్తకంలోంచి వచ్చినట్టుంటాయని చురక వేశారు.

మన వృత్తివాళ్ళకు సంతోషం కలిగించే మార్పు ఒకటుంది. 2020లో అమెరికా రక్షణ శాఖ సాఫ్ట్‌వేర్‌కు ఈ మూడు గేట్లు లేని వేరే దారి వేసింది. డబ్బు ఖర్చుపెట్టడం మొదలైన ఏడాదిలోగా పనికొచ్చేది ఏదో ఒకటి చూపించాలి. 2025 మార్చిలో సాఫ్ట్‌వేర్ పనులకు ముందుగా ఆ దారే చూడమని ఆదేశం వచ్చింది. పదేళ్ళ తర్వాతి సంగతికి ఇవాళ మాట ఇవ్వనక్కరలేదు, అదే దాని బలం. కానీ కాంక్రీటుకు ఆ దారి పనిచెయ్యదు.

కాంక్రీటు అని ఎందుకన్నానంటే, సెంటినెల్ అనే కొత్త అణు క్షిపణి ఉంది. 2020లో మైల్‌స్టోన్ బి దాటినప్పుడు అంచనా 78 బిలియన్లు. 2024 జనవరిలో నన్-మెకర్డీ గీత దాటింది. జూలైలో కొత్త అంకె వచ్చింది, 140.9 బిలియన్లు. ఇచ్చిన మైల్‌స్టోన్ బి అనుమతి కూడా వెనక్కి తీసుకున్నారు. పెరుగుదలలో ఎక్కువ భాగం క్షిపణిది కాదు. అది నిలబడే గోతులదీ, వాటిని కలిపే వేల మైళ్ళ తీగలదీ. యాభై అరవై ఏళ్ళ కిందట మినిట్‌మన్ క్షిపణులకు తవ్విన 450 గోతులనే మళ్ళీ వాడుకోవచ్చని లెక్కవేశారు. 2025 మేలో వైమానిక దళం, చాలావరకు కొత్తవి తవ్వక తప్పదని చెప్పింది. ఆ పాత గోతుల్లోకి ముందే సరిగా దిగి చూడమని ఎవరు అడగాలి, అడిగినవాడి మాట ఎవరు వినాలి అన్నదాని మీద జి.ఏ.ఓ. నివేదికలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

అధ్యక్షులవారు చీటీ పంపారు, టైమయిపోయిందట. ప్రశ్నలున్నవాళ్ళు బయట కాఫీ దగ్గర దొరకండి, నేను అక్కడే ఉంటాను.