కొండ అల్లాలు – మన పేర్లు



ఈ పొద్దున్న శ్రీకూర్మం గుడిలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లను చూసి వచ్చాం. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లేనీ తాబేలనే అంటాం. ఒకటి నేల మీద మేసేది, రెండోది సముద్రంలో ఈదేది. పేరొకటే గానీ బతుకులు వేరు. కొండ మీద అల్లాల సంగతీ ఇంతే.

కిందివాళ్లు అన్నిటినీ కలిపి 'అడవి అల్లం' అనేస్తారు. మన పెద్దలు అలా అనరు. పాలగుండ దుంపను తురిమి, నీళ్లలో పిసికి, తేరిన తెల్లని పిండిని ఎండబెట్టేది వాళ్లే. అది పసుపు జాతికి చెందినది, శాస్త్రనామం కర్కుమా అంగుస్టిఫోలియా. మనం కారల్లం అనేవాటిలో ఒకటి జింజిబర్ జెరుంబెట్. హవాయి దీవులవారు దాని కంకిలోని జిగురు రసంతో తల రుద్దుకుంటారు.

ఆకును చూసి వీటిని పోల్చుకోవడం కష్టం, పువ్వు కావాలి. పసుపు జాతుల్లో కంకి మీది తొడుగాకులు అడుగున అతుక్కుని సంచుల్లా ఉంటాయి. అల్లం జాతుల్లో అవి విడివిడిగా ఉంటాయి. చెంగల్వకోష్టు ఆకులు కాండం చుట్టూ మెలిక తిరుగుతాయి. దాన్నీ ఒకప్పుడు అల్లం కుటుంబంలోనే కలిపారు, ఇప్పుడు వేరే కుటుంబంగా లెక్కిస్తున్నారు. ఈ పూలు మెత్తన, త్వరగా వాడిపోతాయి. కాగితాల మధ్య ఎండబెడితే రూపం చెడిపోతుంది. అందుకే పూసే వేళ, పూసే చోట తెలిసినవారి కన్ను లేకుండా ఈ పని సాగదు.

విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి మన మొక్కలను బొమ్మలు గీయించి, వర్ణించి, తెలుగు పేర్లు కూడా రాసుకున్నారు. సర్కారు కొండల ఎర్రపూల అల్లానికి జింజిబర్ రోజియం అన్న పేరు ఆయన వర్ణన నుంచే వచ్చింది. ఆయన కంటే ముందే ఆ మొక్కను ఎరిగినవారు మన తాతలు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. మాట పోతే దానితో తెలివీ పోతుందని ఆయన పని మనకు చెబుతోంది.

ఇప్పుడు మన పిల్లలకు ఆ మాటలు అందడం లేదు. సంతలో దుంప తూకానికి పోతోంది, పేరుకు ధర లేదు. పేరు తెలియనివాడు పూయకముందే తవ్వేస్తాడు, మొదలంటా లాగేస్తాడు. మరుసటి వానకు అక్కడ మొలకుండదు.

అందుకే మేము మూడు పనులు తలపెట్టాం. మీరూ కలిసి రండి. పువ్వు చూశాకే పేరు రాద్దాం. సవరలో, కువిలో, తెలుగులో ఏమంటారో, చెప్పిన అవ్వ పేరుతో సహా రాద్దాం. తవ్విన ప్రతిచోటా ఒక మొటిక మట్టిలో వదిలేద్దాం.

శాస్త్రనామం లోకానికి కావాలి. మన పేరు మనకు కావాలి. రెండూ ఒకే కాగితం మీద ఉండాలి.