మూసీ వరదలు: నగరం నేర్చుకున్నదీ మరిచిపోయిందీ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని కనుక నీళ్ల గురించే మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. మన సోషల్ సార్ పరీక్షలో తరచు ఒక ప్రశ్న ఇచ్చేవారు: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఎందుకు కట్టారు? రెండు మార్కులు. "మంచినీళ్ల కోసం" అని రాసినవాళ్లకు ఒక్క మార్కే పడేది. ఇవాళ ఆ రెండో మార్కు సంగతి చెబుతాను.

1908 సెప్టెంబరు 28, సోమవారం. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ ఆ రోజు హైదరాబాదును ముంచేసింది. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. అంటే రెండు రోజుల్లో 48 సెంటీమీటర్లు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం నిలబడింది. చనిపోయినవారు 15,000 మంది దాకా ఉంటారని తరచు చెప్పే అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. అటు వెళ్లినప్పుడు ఒక్కసారి ఆ చెట్టు దగ్గర ఆగండి.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. 1909లో వచ్చిన ఆయన నగరంలో గట్టు ఎక్కడ తెగిందని మాత్రమే చూడలేదు, పైకి వెళ్లి చూశారు. 860 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి. దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 తెగిపోయాయి. మన గొలుసుకట్టు చెరువుల సంగతి పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లకు తెలుసు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. పై చెరువు కట్టే తెగితే కింది చెరువు మీద వాన నీళ్లతో పాటు ఆ చెరువు నీళ్లు కూడా ఒక్కసారిగా పడతాయి. అలా ఒకదాని వెంట ఒకటి తెగాయి. నగరం దగ్గర వరద గరిష్ఠంగా 4,25,000 క్యూసెక్కులని లెక్క తేలింది.

నగరంలో గట్లు ఎత్తు చేస్తే చాలదని, వరదను నగరానికి రాకముందే పట్టి నిలపాలని ఆయన సూచించారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయం కట్టమన్నారు. ఏడవ నిజాం కాలంలో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి మండలి నది ఒడ్డుల రూపు మార్చింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఆ కాలంలో లేచినవే. మంచినీళ్లు కూడా అందాయి కనుక "మంచినీళ్ల కోసం" అన్న జవాబుకు ఒక మార్కు న్యాయమే.

చిక్కల్లా ఇక్కడే ఉంది. మంచినీళ్లిచ్చేవాడు జలాశయం నిండుగా ఉండాలంటాడు. వరద ఆపేవాడు ఖాళీగా ఉండాలంటాడు. నిండిన బిందెలో చెంబెడు నీళ్లు కూడా పట్టవు కదా. ఉస్మాన్‌సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌ది 2.97. రెండూ పూర్తిగా ఖాళీగా ఉన్నా, 4,25,000 క్యూసెక్కుల చొప్పున వస్తే నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. కాగితం, పెన్సిలు తీసి మీరే లెక్క వేసుకోండి. గరిష్ఠ వరద అన్ని గంటలూ అలాగే ఉండదు, నిజమే. అయినా సెప్టెంబరు నెలాఖరులో రెండూ నిండుకుండల్లా ఉన్నప్పుడు పైన పెద్ద వాన పడితే గేట్లెత్తడం తప్ప దారి లేదు. 2025 సెప్టెంబరు చివర అదే జరిగింది. నది మధ్య లంక మీద కట్టిన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చి, ప్రయాణికులను బయటికి తేవలసి వచ్చింది.

కాబట్టి జలాశయాలకు పైన ఉన్న చెరువులు, పొలాలు కూడా మనకు రక్షణే. వాన నీటిలో కొంత పొలం పీల్చుకుంటుంది, కొంత చెరువు ఆపుతుంది. సిమెంటు ఏదీ ఆపదు. జలాశయాలను కాపాడటానికి చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ మరో జీవో వచ్చింది. దాని మీద ఎవరి అభిప్రాయం వారిది. వాన నీటికి మాత్రం జీవోలు తెలియవు, పల్లం ఒక్కటే తెలుసు.

ఇంకో సంగతి. ఈ జలాశయాలు తమకు పైన పడిన వాననే ఆపగలవు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడింది. అది నగరం నెత్తిన పడిన వాన. దానికి గండిపేట ఏం చేయగలదు? 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు, పాతబస్తీ పక్కన పల్లె చెరువు, గుర్రం చెరువు తెగాయి. కింది కాలనీలు మునిగాయి, ప్రాణాలు పోయాయి. 1908లో 221 చెరువులు చెప్పిన పాఠాన్నే ఈ మూడూ మళ్లీ చెప్పాయి. నగరంలో పడిన వాన పోవడానికి ఉన్నవి నాలాలు, చెరువులే. నాలా ఇరుకైతే, శిఖం భూమిలో ఇళ్లు లేస్తే, ఆ నీళ్లు మన ఇంటి మెట్లెక్కుతాయి.

ఇంజనీర్లు చేయవలసింది ఇంజనీర్లు చేస్తారు. మన సంఘం చేయగలిగినవి మూడున్నాయి. ఒకటి, ఏటా మే నెలలో తొమ్మిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని బడి దగ్గరి నాలా పొడవునా నడుద్దాం. ఎక్కడ పూడింది, ఎక్కడ ఇరుకైందన్నది వాళ్ల చేతే పటం గీయించి అధికారులకు ఇద్దాం. రెండు, ప్లాటు కొనే ముందు మనలో ప్రతివాడూ పాత గ్రామ పటం, చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు చూడాలి. మనలో రియల్ ఎస్టేటు చేసేవాళ్లూ ఉన్నారు; వాళ్లు అమ్మే ముందు కూడా చూడాలి. నవ్వుతున్నారు గానీ, మునిగేది కొన్నవాడి పిల్లలు. మూడు, సెప్టెంబరు 28న ప్రార్థన సమయంలో ఐదు నిమిషాలు ఈ కథ పిల్లలకు చెప్పాలి. మన హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే మొదటి ఏడాది చెప్పడానికి నేనే వస్తాను.

 భోజనాల వేళ అయింది, ఇంక ఆపేస్తాను.